ఒకే పాట రెండు బ్యాండ్ల రికార్డుల్లో ఎందుకుంది? రాకెట్ ఫ్రమ్ ద టూమ్స్ పాటల పంపకం

రెండోసైడు:

అమెరికన్ పంక్ బ్యాండ్ డెడ్ బాయ్స్ 1977లో తెచ్చిన 'యంగ్ లౌడ్ అండ్ స్నాటీ' ఆల్బమ్‌లో మొదటి పాట 'సానిక్ రెడ్యూసర్'. రాసినవాళ్లలో డేవిడ్ థామస్ పేరుంది. ఆయన పాడింది పేర్ ఊబూ అనే మరో బ్యాండ్‌లో, డెడ్ బాయ్స్‌లో ఏనాడూ లేడు. అటు పేర్ ఊబూ తొలి సింగిల్ '30 సెకండ్స్ ఓవర్ టోక్యో' తీస్తే రాసినవాళ్లలో జీన్ ఓకానర్ అని ఉంది. పేర్ ఊబూ సభ్యుల పట్టికలో ఆ పేరు ఎక్కడా దొరకదు.

రెండింటికీ మూలం క్లీవ్‌లాండ్ బ్యాండ్ రాకెట్ ఫ్రమ్ ద టూమ్స్ అని అర్థమైంది. అక్కడి నుంచి అంతా గందరగోళమే. ఆ బ్యాండ్ ఎన్నాళ్లుంది, ఏ పాట ఎవరి వాటాకు వెళ్లింది, 1975లో వాళ్లే వాయించింది వినాలంటే ఏది తీసుకోవాలి? స్ట్రీమింగ్‌లో వెతికితే మూడు నాలుగు రకాలు వస్తున్నాయి. ఒకదాంట్లో ట్రంపెట్, శాక్సోఫోన్ కూడా మోగుతున్నాయి, అది వీళ్లదేనా?

---

లైనర్‌నోట్స్:

ముందు మారుపేర్ల చిక్కు విప్పుకోండి, సగం గందరగోళం అక్కడే తీరిపోతుంది. జీన్ ఓకానర్ అంటే డెడ్ బాయ్స్ గిటారిస్టు చీటా క్రోమ్. జానీ మడాన్‌స్కీ అంటే డెడ్ బాయ్స్ డ్రమ్మర్ జానీ బ్లిట్జ్. డేవిడ్ థామస్ ఆ రోజుల్లో క్రోకస్ బెహమత్ అనే పేరుతో పాడేవాడు, క్లీవ్‌లాండ్ వారపత్రిక 'సీన్'లో రాసేటప్పుడూ అదే పేరు. రికార్డు మీద అసలు పేరు, పోస్టరు మీద మారుపేరు పడటంతో ఒకే మనిషి ఇద్దరిలా కనబడతాడు.

థామస్ ఈ బ్యాండ్‌ను 1974 మధ్యలో మొదలుపెట్టాడు. తొలి నెలల్లో అది సగం వేళాకోళం, వేరే మనుషులు. మనం ఇప్పుడు మాట్లాడుకునే బ్యాండ్ ఆ ఏడాది చివరికి గానీ కుదురుకోలేదు: గొంతు థామస్, గిటార్లు పీటర్ లాఫ్నర్, ఓకానర్, బేస్ క్రెయిగ్ బెల్, డ్రమ్స్ మడాన్‌స్కీ. బెల్ అంతకుముందు మిర్రర్స్ అనే మరో క్లీవ్‌లాండ్ బ్యాండ్‌లో వాయించాడు. 1974 డిసెంబర్‌లో వైకింగ్ సలూన్ క్లబ్బులో మిర్రర్స్, ఎలక్ట్రిక్ ఈల్స్, వీళ్లు ఒకే రాత్రి వాయించారు. ఆ ఊరి అండర్‌గ్రౌండ్ మొత్తం దాదాపు ఆ ఒక్క గదిలో పట్టింది.

1975 వేసవి దాటేసరికి అంతా అయిపోయింది. అంటే ఈ అయిదుగురి ఆయుష్షు ఏడాది కూడా లేదు. ఆ కొద్ది నెలల్లో రాసిన పాటలే తర్వాత పంపకాలకు వచ్చాయి.

డెడ్ బాయ్స్ మొదటి ఆల్బమ్‌కు వెళ్లినవి 'సానిక్ రెడ్యూసర్', 'వాట్ లవ్ ఈజ్', 'డౌన్ ఇన్ ఫ్లేమ్స్'. రెండో ఆల్బమ్ 'వి హావ్ కమ్ ఫర్ యువర్ చిల్డ్రన్' (1978)కు వెళ్లింది 'ఏంట్ ఇట్ ఫన్', ఇది లాఫ్నర్, ఓకానర్ కలిసి రాసింది. పేర్ ఊబూ వాటాకు '30 సెకండ్స్ ఓవర్ టోక్యో' (1975 సింగిల్), 'ఫైనల్ సొల్యూషన్' (1976 సింగిల్), 'లైఫ్ స్టింక్స్' (1978లో 'ద మోడర్న్ డాన్స్' ఆల్బమ్). 'లైఫ్ స్టింక్స్' లాఫ్నర్ పాట. ఆల్బమ్ వచ్చేనాటికి ఆయన బతికి లేడు.

'యాంఫెటమిన్' మాత్రం ఏ వాటాలోనూ పడలేదు, లాఫ్నర్‌తోనే ఉండిపోయింది. విల్కో బ్యాండ్ వాళ్లు 1996లో 'మిస్‌అండర్‌స్టుడ్'లో దాని మాటలు కొన్ని తీసుకున్నారు. ఆ పాట ఎక్కడో విన్నట్టుందే అనిపించేవాళ్లకు కారణం అదే.

---

నీడిల్‌డ్రాప్:

ఏది తీసుకోవాలన్న ప్రశ్నకు: 'ద డే ది ఎర్త్ మెట్ ద రాకెట్ ఫ్రమ్ ద టూమ్స్', స్మాగ్ వెయిల్ లేబుల్, 2002. బ్యాండ్ ఉన్నన్నాళ్లు ఒక్క రికార్డు కూడా బయటికి రాలేదు. కాబట్టి 1975 నాటి అచ్చు సింగిల్ అంటూ ఎవరైనా అమ్మజూపితే అది అబద్ధం, అలాంటిది లేనే లేదు. 2002కు ముందు చేతులు మారినవి ఎక్కువగా బూట్‌లెగ్‌లు (అనుమతి లేకుండా వేసినవి), క్యాసెట్ నకళ్లు.

ఇందులో మూడు చోట్ల టేపులు కలిసి ఉన్నాయి. వినేటప్పుడు విడదీసుకోకపోతే ఒకే బ్యాండ్ పాట పాటకూ మారిపోతున్నట్టు ఉంటుంది. మొదటిది 1975 ఫిబ్రవరిలో ప్రాక్టీసు చేసుకునే చోటే తీసిన టేపు, స్థానిక ఎఫ్ఎమ్ స్టేషన్ డబ్ల్యుఎమ్ఎమ్ఎస్‌లో ప్రసారమైంది. రెండోది మే నెలలో అగోరా క్లబ్బులో వాయించింది. మూడోది జులైలో పికడిల్లీ ఇన్‌లో, టెలివిజన్ బ్యాండ్ న్యూయార్క్ నుంచి వచ్చినప్పుడు వాళ్లకు ముందు వాయించింది. ముందుగా ఫిబ్రవరి టేపు పాటలే ఒక ప్లేలిస్టుగా పెట్టుకుని రెండు మూడుసార్లు వినండి, లైవ్‌వి తర్వాత. షఫుల్‌లో మాత్రం వద్దు.

పప్పులో కాలేసే చోట్లు ఇవీ:

'రాకెట్ రీడక్స్' (2004) పాత టేపు కాదు. 2003లో మళ్లీ కలిశాక కొత్తగా రికార్డు చేసింది. థామస్, చీటా క్రోమ్, బెల్ ఉన్నారు. లాఫ్నర్ స్థానంలో టెలివిజన్ గిటారిస్టు రిచర్డ్ లాయిడ్, డ్రమ్స్ మీద పేర్ ఊబూ నుంచి స్టీవ్ మెల్‌మన్. పాటల పేర్లు అవే కావడంతో యాప్‌లు రెంటినీ కలిపి చూపిస్తాయి. శబ్దం శుభ్రంగా, గిటార్లు విడివిడిగా వినబడుతున్నాయంటే మీరు వింటున్నది రీడక్స్. రికార్డింగ్ బాగుంది, బ్యాండ్ కూడా బాగా వాయించింది, కానీ మీరడిగింది అది కాదు. 'బార్‌ఫ్లై' (2011), 'బ్లాక్ రికార్డ్' (2015) ఇంకా తర్వాతివి.

ట్రంపెట్, శాక్సోఫోన్ విన్నది రాకెట్ ఫ్రమ్ ద క్రిప్ట్ అయ్యుంటుంది. శాన్ డియాగో బ్యాండ్, 1990లో మొదలైంది, వీళ్ల పేరు చూసే ఆ పేరు పెట్టుకున్నారు. అంతకుమించి చుట్టరికం లేదు.

ఇంకో తికమక: 'ఫైనల్ సొల్యూషన్' కోసం 'ద మోడర్న్ డాన్స్' కొంటే అందులో ఉండదు. పేర్ ఊబూ సొంత లేబుల్ హార్తాన్ మీద వచ్చిన తొలి సింగిళ్లలో రెండోది అది. సింగిళ్లు దొరకవు, దొరికినా ధర చుక్కల్లో ఉంటుంది. 'డేటాపానిక్ ఇన్ ద ఇయర్ జీరో' పేరుతో 1996లో వచ్చిన బాక్స్‌సెట్ చాలు. అదే పేరుతో 1978లో ఒక ఈపీ (కొద్ది పాటల చిన్న రికార్డు) కూడా ఉంది, ఆర్డరు పెట్టేముందు ఏది కొంటున్నారో సరిచూసుకోండి.

---

రెండోసైడు:

ధన్యవాదాలు, ట్రంపెట్ సంగతి తేలిపోయింది. ఇంకో అనుమానం. ఇన్ని మంచి పాటలు చేతిలో పెట్టుకుని ఒక్క రికార్డైనా ఎందుకు వెయ్యలేదు? రేడియోలో వచ్చిందంటున్నారు, అంటే ఊళ్లో ఎవరికీ తెలియనివాళ్లు కాదు కదా. విడిపోయింది కూడా ఎందుకు?

---

పాతటేపు:

రికార్డు రాకపోవడానికి కాలం ఒక కారణం. 1975 మొదట్లో ఈ రకం సంగీతం కొనే కంపెనీ లేదు, దీనికి ఒక బజారు ఉందని కూడా ఎవరికీ తెలియదు. న్యూయార్క్ పంక్ బ్యాండ్ రమోన్స్ మొదటి ఆల్బమ్ రావడానికి ఇంకా ఏడాది పైన ఉంది (1976 ఏప్రిల్). బ్రిటిష్ పంక్ బ్యాండ్ ద డ్యామ్డ్ సింగిల్ 'న్యూ రోజ్' 1976 అక్టోబర్. క్లీవ్‌లాండ్ క్లబ్బులకు కావలసింది జనానికి తెలిసిన పాటలు వాయించేవాళ్లు. వీళ్ల కచేరీల్లోనూ స్టూజెస్ 'రా పవర్', వెల్వెట్ అండర్‌గ్రౌండ్ 'ఫాగీ నోషన్' ఉండేవి. కాకపోతే అవి ఆ క్లబ్బులు కోరుకున్న 'తెలిసిన పాటలు' కావు.

సొంతంగా రికార్డు అచ్చు వేసుకోవచ్చన్న ఆలోచన విడిపోయాక వచ్చింది. థామస్, లాఫ్నర్ పేర్ ఊబూగా ఏర్పడి హార్తాన్ లేబుల్ పెట్టి 1975లోనే '30 సెకండ్స్' వేశారు. అదే పని ఆర్నెల్లు ముందు చేసుంటే మీ ప్రశ్నే పుట్టేది కాదు.

విడిపోవడానికి మూలం ఆ రెండు పాటల్లోనే ఉంది. 'సానిక్ రెడ్యూసర్' ఎలా కట్టారో చూడండి: ఒక రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ ముక్క), దాని మీద పొగరు, సూటిగా ముందుకు. '30 సెకండ్స్' మీద చెవి పెట్టండి: 1942 ఏప్రిల్‌లో టోక్యో మీద జరిగిన డూలిటిల్ దాడి, వెనక్కి వచ్చే ఇంధనం లేని విమానంలో కూర్చున్నవాడి కోణం. పాట నడుస్తూ నడుస్తూ ఆగుతుంది, వేగం మారుతుంది, మధ్యలో గిటార్లు పాటను వదిలేసి చప్పుడులోకి వెళ్లిపోతాయి. ఓకానర్, మడాన్‌స్కీ మొదటి రకం మనుషులు. థామస్ రెండో రకం. లాఫ్నర్ రెంటికీ మధ్య, పైగా ఆయనకు వెల్వెట్ అండర్‌గ్రౌండ్ లూ రీడ్ తరహా పాటల రచయిత కావాలని. (విచిత్రం ఏమిటంటే, ఈ రెండు పాటల రచనలోనూ థామస్, ఓకానర్ ఇద్దరి పేర్లూ ఉన్నాయి. ఎదురెదురు మనుషులు కలిసి రాసినవే నిలబడ్డాయి.)

చివరికొచ్చేసరికి థామస్ గొంతు మీదే బ్యాండ్‌లో పేచీ. అది అందమైన గొంతు కాదు, కీచుమంటుంది, వణుకుతుంది. పేర్ ఊబూకు అదే పెట్టుబడి అయింది, రాక్ గాయకుడు కావాలనుకున్నవాళ్లకు అదే గుదిబండ. మరోపక్క డ్రమ్మర్లు మారారు. ఆఖరి రోజుల్లో స్టివ్ బేటర్స్ (తర్వాత డెడ్ బాయ్స్ గాయకుడు) వచ్చి పాడాడు. అప్పటికే పంపకం మొదలైపోయినట్టు.

ఆ తర్వాత ఓకానర్, మడాన్‌స్కీ బేటర్స్‌తో కలిసి ఫ్రాంకెన్‌స్టైన్ అనే బ్యాండ్ పెట్టారు, 1976లో న్యూయార్క్ వెళ్లి డెడ్ బాయ్స్ అయ్యారు. అక్కడి సీబీజీబీ క్లబ్బు యజమాని హిల్లీ క్రిస్టల్ మేనేజరు. పేర్ ఊబూ తొలి కచేరీ 1975 డిసెంబర్ 31 రాత్రి, అదే వైకింగ్ సలూన్‌లో. లాఫ్నర్ మొదటి రెండు సింగిళ్ల దాకా ఉండి 1976లో బయటికొచ్చాడు. 1977 జూన్ 22న చనిపోయేనాటికి 24 ఏళ్లు. మద్యం, మత్తుమందులు క్లోమాన్ని తినేశాయి. క్రెయిగ్ బెల్ న్యూ హేవెన్ వెళ్లి సాసర్స్ అనే బ్యాండ్ పెట్టాడు. పంపకంలో అందరికంటే తక్కువ పేరు దక్కింది ఆయనకే అని నా లెక్క.

---

ఫజ్‌బాక్స్:

పాటలను పక్కపక్కన పెట్టి పోల్చాలనుకుంటే ముందు ఒక జాగ్రత్త. 1975 టేపు, 1977 స్టూడియో ఆల్బమ్, 2004 రికార్డింగ్ మూడూ మూడు లెవెల్స్‌లో ఉంటాయి. సరిచెయ్యకుండా వింటే గట్టిగా మోగేదే బాగుందనిపిస్తుంది, అది చెవి చేసే మోసం. యాప్‌లో వాల్యూమ్ నార్మలైజేషన్ (పాటలన్నీ ఒకే గట్టిదనంతో మోగేలా చేసేది) ఆన్ చెయ్యండి, ఆల్బమ్ మోడ్ కాదు, ట్రాక్ మోడ్. సొంత ఫైళ్లయితే అదే పని చేసే రీప్లేగెయిన్ ట్యాగులు వేసుకోండి. పాత టేపుకు బేస్ పెంచొద్దు, పెంచితే గది మోత పెరుగుతుందే తప్ప బెల్ బేస్ గిటార్ పైకి రాదు. 200 నుంచి 300 హెర్ట్జ్ దగ్గర రెండు మూడు డెసిబెల్స్ తగ్గిస్తే గొంతు కాస్త విడివడుతుంది.

'సానిక్ రెడ్యూసర్' డెడ్ బాయ్స్ రూపంలో మొదట వినబడేది ఫేజర్‌లో (శబ్దం సుడి తిరుగుతున్నట్టు చేసే ఎఫెక్టు) తిరిగే డ్రమ్స్, సింబల్స్. అది స్టూడియో పని, నిర్మాత జెన్యా రావన్, రికార్డయింది ఎలక్ట్రిక్ లేడీ స్టూడియోలో. బేస్ వాయించింది బ్యాండ్ సభ్యుడు కాదు, బాబ్ క్లియర్‌మౌంటెన్. అవును, తర్వాత పెద్ద మిక్సింగ్ ఇంజినీరుగా పేరు తెచ్చుకున్న క్లియర్‌మౌంటెనే. జెఫ్ మాగ్నమ్ బేస్‌తో ఆ తర్వాత చేరాడు. 1975 టేపులో ఈ హంగేమీ లేదు, పాట ఎముకలు నేరుగా కనబడతాయి. అసలు తేడా గొంతుది. బేటర్స్ పాడితే అది ఎదుటివాడి మీదికి విసిరే సవాలు. థామస్ నోట అవే మాటలు తనలో తాను గొణుక్కుంటూ మధ్యలో పేలిపోయేవాడివిలా ఉంటాయి.

'30 సెకండ్స్'లో మార్పు ఇంకో రకం. రాకెట్ రూపంలో విమానం మోత, పేలుళ్లు అన్నీ గిటార్లే చెయ్యాలి. పేర్ ఊబూలో ఆ పని ఆలెన్ రావెన్‌స్టైన్ ఈఎమ్ఎల్ సింథసైజర్‌కు అప్పగించారు. కీబోర్డులా రాగం వాయించడు, చప్పుళ్లు పుట్టిస్తాడు. దాంతో గిటార్లకు ఊపిరి దొరికింది. ఇక ఆ పాట ఆరు నిమిషాలు దాటుతుంది. ఏడంగుళాల రికార్డు ఒక వైపు అంత పొడుగు పట్టించాలంటే గాడులు దగ్గర దగ్గరగా తియ్యాలి, అందుకు కట్టింగ్ లెవెల్, ముఖ్యంగా బేస్, తగ్గించాలి. కాబట్టి వినైల్ నుంచి తీసిన ఫైలు పలచగా ఉందని దాన్నిబట్టి బ్యాండ్ గురించి తీర్పు చెప్పకండి, డేటాపానిక్ సీడీతో పోల్చండి.

వాయించాలనుకునేవాళ్లకు రెండు ముక్కలు. రెండు గిటార్లున్న చోట ఇద్దరూ గెయిన్ (ఆంప్‌లో గరగర పెంచే నాబ్) పూర్తిగా తిప్పితే రిఫ్ అంతా ముద్దయిపోతుంది. ఒకరు గెయిన్ సగం దగ్గర ఆపి మిడ్ (మధ్య ఫ్రీక్వెన్సీలు) పెంచాలి, రెండోవాళ్లు మిడ్ కొంచెం తగ్గించుకోవాలి. కుడిచెయ్యి అంతా డౌన్‌స్ట్రోకులే. అలసిపోయి పైకీ కిందికీ కొట్టడం మొదలుపెడితే పాట తేలిపోతుంది. ఫేజర్ ఇంట్రో కావాలంటే డ్రమ్స్ అన్నీ ఒక బస్‌కు (అన్నిటినీ కలిపే చానెల్) పంపి ఫేజర్ దాని మీద పెట్టండి. వేగం సెకనుకు పావు వంతు చుట్టు చాలు, అంతకన్నా తిప్పితే 70ల టీవీ సీరియల్ కలల సీను అవుతుంది. రిఫ్ మొదలవగానే ఆపేయండి.

---

గోడమీదపిల్లి:

అడ్డొస్తున్నా, కానీ రాకెట్ ఫ్రమ్ ద టూమ్స్‌ను 'తొలి పంక్' అనడం వెనక్కి తిరిగి బోర్డు తగిలించడం కాదా? 1975లో క్లీవ్‌లాండ్‌లో వాళ్లు తమను పంక్ బ్యాండ్ అనుకోలేదు. ఆరు నిమిషాల యుద్ధం పాట, రెండు గిటార్ల సోలోలు... ఇది స్టూజెస్, వెల్వెట్స్ తాగి పెరిగిన హార్డ్ రాక్.

---

పాతటేపు:

బోర్డు తర్వాతే తగిలించారు, ఒప్పుకుంటాను. 'తొలి పంక్' కంటే 'ప్రోటో పంక్' (పంక్‌కు దారి తీసినది) అనేవాళ్లే ఎక్కువ. అయితే 1977లో పంక్ ఆల్బమ్‌గా అమ్ముడైన దాంట్లో మొదటి పాట 1975 ఫిబ్రవరి టేపులో దాదాపు అదే కట్టుబడితో ఉంది. పాట మారలేదు, దాని చుట్టూ ఉన్న పేరు మారింది. ఆరు నిమిషాల పాట విషయంలో మీతో వాదించను. దాన్ని పోస్ట్ పంక్ (పంక్ తర్వాత వచ్చిన ప్రయోగాల ధోరణి) అనేవాళ్లున్నారు, పంక్ రాకముందే పోస్ట్ పంక్ వచ్చేసిందని ఒప్పుకోవాలి మరి.

---

లైనర్‌నోట్స్:

రెండు చేర్పులు. టెలివిజన్‌ను 1975 జులైలో క్లీవ్‌లాండ్ రప్పించడంలో ప్రధాన పాత్ర లాఫ్నర్‌దే. ఆయన 'క్రీమ్' పత్రికకు రాసేవాడు, న్యూయార్క్‌లో ఏం జరుగుతోందో ఊరందరికంటే ముందు ఆయనకు తెలిసేది. నీడిల్‌డ్రాప్ గారు చెప్పిన రిచర్డ్ లాయిడ్ ఆ రాత్రి అదే వేదిక మీద వాయించినవాడే. 28 ఏళ్ల తర్వాత లాఫ్నర్ చోట నిలబడ్డాడు.

'ఏంట్ ఇట్ ఫన్' పోల్చేవాళ్లకు: ఫిబ్రవరి టేపులో పాడింది థామస్ కాదు, లాఫ్నర్. గన్స్ ఎన్ రోజెస్ 1993లో 'ద స్పగెటీ ఇన్సిడెంట్'లో మైకెల్ మన్రోతో కలిసి పాడిన రూపం విని వచ్చేవాళ్లు ముందు డెడ్ బాయ్స్‌ది, తర్వాత ఇది వినండి. లాఫ్నర్ ఒక్కడివే కావాలంటే 2019లో అదే స్మాగ్ వెయిల్ అయిదు డిస్కుల సెట్ వేసింది. చనిపోవడానికి ముందు రాత్రి ఇంట్లో ఒంటరిగా పాడుకున్న టేపు కూడా అందులోనే ఉంది.

---

రెండోసైడు:

ఫిబ్రవరి టేపు ప్లేలిస్టు చేసుకున్నాను, 'సానిక్ రెడ్యూసర్' వరకూ వచ్చాను. ఇంతకుముందు నా దగ్గర 1975 పేరుతో ఉన్నది రీడక్స్ ఫైలు. గిటార్లు విడివిడిగా వినబడుతున్నాయన్న గుర్తుతోనే దొరికిపోయింది.